మొదటి మూడు నిమిషాలు

నా ఫోనులో ఒకే సంగీతానికి నలభై ఒక్క రికార్డింగులున్నాయి. ఈ మాట పలాసలో ఎవరికైనా చెబితే ముందు నా మొహం చూస్తారు, తర్వాత మా ఆవిడ మొహం చూస్తారు. అందుకని చెప్పను.

అది పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం. మూడు భాగాలుంటుంది. నాకు పిచ్చి పట్టించింది అందులో రెండోది. దాని నిడివి తొమ్మిది నిమిషాల పైచిల్లర. మొదటి మూడు నిమిషాలూ పియానో ఒక్కటే వాయిస్తుంది. అంత పెద్ద ఆర్కెస్ట్రా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మూడో నిమిషం దాటాక వేణువు మెల్లగా లోపలికి వస్తుంది. నలభై ఒక్కరూ వాయించేది అవే స్వరాలు, కానీ ఒకరిది ఇంకొకరిలా ఉండదు. ఒకాయన ఎడమ చెయ్యి బరువుగా వేస్తాడు. ఒకావిడ రైలు అందుకోవాలన్నట్టు పరుగెత్తుతుంది. ఇంకొకాయన ప్రతి స్వరం దగ్గరా ఆగి మనవైపు చూస్తున్నట్టుంటుంది, అతన్ని వింటే నాకు ఒళ్ళు మంట.

ఈ రోగం నాకు ఉద్యోగం వల్లే ముదిరిందనుకుంటాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు చూడడం నా పని. గుండు, బద్ద, ముక్క, మచ్చ పప్పు. ఇరవై ఏళ్ళుగా బల్ల మీద పప్పు పరిస్తే చాలు, కన్ను పడేలోపే చెయ్యి వెళ్ళిపోతుంది. చెవి కూడా అలాగే తయారైంది. ఒక నోటుబుక్కులో ప్రతి రికార్డింగుకూ గ్రేడు రాసుకున్నాను. 'పద్నాలుగు: గుండు, కానీ తడి తక్కువ.' 'ఇరవై రెండు: బద్ద. వేణువు ముందే వచ్చేసింది.' నా తర్వాత ఆ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కితే ఏదో మంత్రాల పుస్తకమనుకుంటారు.

దీని మొదలు ఒక క్యాసెట్టు. విశాఖపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో హార్బరు దగ్గర ఒక కొట్లో ఓడల మీంచి దిగిన పాత సామాన్లు అమ్మేవారు. అట్ట లేని క్యాసెట్టు ఒకటి కొని సోంపేట దగ్గర మా ఊరికి పట్టుకొచ్చాను. మా అప్ప, అంటే అక్క, అప్పటికింకా పెళ్ళి కాలేదు. ఇద్దరం టేప్‌రికార్డరు ముందు కూర్చున్నాం. టేపు మొదలవడమే ఆ రెండో భాగంతో. వేణువు ఇలా వచ్చిందో లేదో, మిషను టేపు నమిలేసింది. అప్ప పెన్సిలు పెట్టి చుట్టి సరిచేసింది. మళ్ళీ అక్కడే నమిలింది. అలా ఏడాది పాటు మాకు తెలిసిన సంగీతమంతా ఆ మూడు నిమిషాలే. అప్ప దాన్ని పని చేసుకుంటూ కూనిరాగం తీసేది, సరిగ్గా వేణువు దగ్గర ఆపేసేది.

తర్వాత ఫోన్లు వచ్చాయి, ఏది కావాలంటే అది దొరికే రోజులొచ్చాయి. నేను మాత్రం మూడు నిమిషాలు దాటలేదు. మిగతా ఆరు నిమిషాలూ ఎప్పుడైనా నడిచాయేమో, నేను అప్పటికే ఇంకో రికార్డింగు వెతుకుతుంటాను. పోల్చాలంటే మొదటిది చెవిలో ఉండగానే రెండోది పెట్టాలి కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. నా కాలు ఒక చోట నిలవదు, చెవీ అంతే.

రెండేళ్ళ క్రితం అప్పకు కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఇది కబురు కాదు. ఏ ఇంటికి వెళ్ళినా పలకరింపులో సగం ఇదే. అప్పను ఇచ్చింది కవిటి అవతల కొబ్బరితోటల ఊరు. అక్కణ్ణుంచి బావ వారానికి మూడుసార్లు బండి మీద పలాస తీసుకొచ్చి డయాలసిస్ చేయిస్తాడు. ఒక్కోసారి నాలుగు గంటలు. అందులో రెండు రోజులు నేను మధ్యాహ్నం ఫ్యాక్టరీలో చెప్పి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటాను.

విశాఖపట్నం పెద్ద డాక్టరు కిడ్నీ మార్పిడి ఒక్కటే దారన్నాడు. బావకు సుగరుంది. పిల్లలు చదువుల వయసు. అమ్మానాన్నా లేరు. తోడబుట్టింది నేనొక్కణ్ణే. ముందు రక్తం గ్రూపు, క్రియాటిన్ చూపించుకోండి, అవి బాగుంటే మిగతావి చూద్దాం అని డాక్టరు నా పేరు మీద ఒక చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ మడతలు పడి నా పర్సులో ఎనిమిది నెలలుంది.

కోతకు భయపడ్డానని అనుకుంటే అది నాకు మర్యాదే. నా భయం వేరు. కిడ్నీలు ఎంత చెడ్డాయో చెప్పే అంకె క్రియాటిన్. మా వైపు మనుషులం అది చూపించుకోం. ఆ అంకె కాగితం మీదకు ఎక్కనంతకాలం మనిషికి ఏమీ లేనట్టే. చూపించుకున్న మర్నాడే మంచం పట్టినవాళ్ళ కథలు ప్రతి వీధిలో రెండుంటాయి. వాళ్ళు చూపించుకోకపోయినా పట్టేవాళ్ళే అని నాకు తెలుసు. ఫ్యాక్టరీకి వైద్య శిబిరం వచ్చినప్పుడు పప్పు ఒలిచే ఆడవాళ్ళను వరసలో నిలబెట్టి, భయమెందుకు, ఒక్క చుక్క రక్తమే కదా అని చెప్పింది నేనే. నా వంతు వచ్చేసరికి గోదాములో బస్తాలు లెక్క చూడాల్సిన పని గుర్తొచ్చింది.

డయాలసిస్ గదిలో అప్ప ఎడమచేతికి రెండు గొట్టాలు. ఆ చెయ్యి కదపకూడదు. కుడి చెవిలో ఒక ఇయర్‌ఫోను ఆమెకు, ఇంకోటి నాకు. నేను నలభై ఒక్కటీ వరసగా తీర్పుకు పెట్టేవాణ్ణి. ఆమెకు సంగీతం గురించి చదువేమీ లేదు. కానీ ఆమె ఒక్క మాట అంటే నా నోటుబుక్కులో పేజీ కొట్టేయాల్సి వచ్చేది.

"ఈవిడెవులురా, పొయ్యి మీద పాలెట్టి వచ్చినట్టు వాయిత్తంది" అంది పరుగెత్తే ఆవిణ్ణి విని.

"వేగం అలాగే ఉండాలని కొంతమంది వాదన అప్పా."

"ఉండాల ఉండాల అని ఎవులన్నారు? ఆ ముసిలాయన్ది పెట్టు. దగ్గుల్ది."

దగ్గులది అంటే ఒక పాత రికార్డింగు. హాల్లో జనం ముందు వాయించినది. రెండో నిమిషంలో ఎవరో గట్టిగా దగ్గుతారు. వాయించే ఆయనకు వయసు బాగా మీద పడింది, ఒకచోట వేలు జారి పక్క స్వరం తగులుతుంది. నేను దానికి 'ముక్క' అని గ్రేడు రాశాను. అప్పకు అదే ఇష్టం.

"తప్పు వాయించాడు కదా" అన్నాను.

"వాయిత్తే వాయించాడు. ఆగనేదు సూడు. తప్పు తగిలినా అలాగే పోనాడు."

నా కుర్చీ కిర్రుమంటూనే ఉండేది. నర్సు ఒకసారి వచ్చి, మీరు కాలు ఊపడం ఆపితే నాకు మిషను శబ్దం వినపడుతుందండీ అంది. అప్ప నవ్వింది. మిషనులోంచి వెళ్ళి వస్తున్న ఆమె రక్తాన్ని నేను సూటిగా చూడలేకపోయేవాణ్ణి. అందుకే ఫోను చూసేవాణ్ణి, అందుకే మార్చేవాణ్ణి. ఆ ఎనిమిది నెలల్లో అప్ప చీటీ గురించి ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే కోప్పడి తప్పించుకునేవాణ్ణి. ఆమె అడగకపోవడమే నన్ను నిలవనియ్యలేదు.

బావ కూడా అడగలేదు. ఒకరోజు ఆసుపత్రి బయట టీ తాగుతుంటే నేనే ఆగలేక, "బావా, ఆ పరీక్ష సంగతి..." అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి, "నిన్ను అడగొద్దని మీ అప్ప నాసేత ఒట్టేయించుకుంది. నువ్వు నన్నడక్కు" అన్నాడు.

ఆ మర్నాడే టెక్కలి బయల్దేరాను. పలాసలో ల్యాబుల వాళ్ళందరికీ నేను తెలుసు. అంకె నాకంటే ముందు ఫ్యాక్టరీకి చేరిపోతుంది. పాసింజరు ఎక్కి నౌపడలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో టెక్కలి వెళ్ళాలని నా పథకం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పద్నాలుగునూ ముప్ఫైనీ పోలుస్తూ కూర్చున్నాను. నౌపడ దాటిపోయి హరిశ్చంద్రపురంలో దిగాను. సంగీతంలో పడి స్టేషను చూసుకోలేదని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. నౌపడ బోర్డు కిటికీలోంచి స్పష్టంగా చూశాను. రైలు కదిలేదాకా చూశాను. హరిశ్చంద్రపురం ప్లాట్‌ఫారం మీద తిరుగు బండి కోసం ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాతి వారం అప్ప దగ్గర మళ్ళీ అదే తంతు. వేణువు వచ్చింది, నేను మార్చబోయాను.

"ఉండనీ" అంది.

"ఇప్పుడు ఇరవై రెండు వింటే తేడా తెలుస్తుందప్పా."

"మన టేపు నమిలిందంటే అది వేరు. ఇప్పుడేటి నమిలింది? ఎప్పుడూ ఇక్కడికి రాగానే తిప్పీత్తావు. దీనెనకాల ఏటుందో నాకు తెల్దు. నీకూ తెల్దు."

"ఏముంటుంది, ఇదే ఇంకాస్త ఉంటుంది."

"నువ్వు ఏదీ సివరికంటా ఇనవురా" అంది. కోపంగా కాదు, నిద్ర వస్తున్నట్టు అంది. డయాలసిస్ మూడో గంటలో ఆమెకు బీపీ పడిపోయి మాట నెమ్మదించేది. "సివర ఏటుందోనని నీకు భయం."

ఆమె సంగీతం గురించే అందని ఇప్పటికీ నా నమ్మకం. కానీ నాకు ఆ కుర్చీలో కూర్చోవడం ఇక చేతకాలేదు. నర్సుకు చెప్పి బయటికొచ్చి బండి తీశాను. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా టెక్కలి వెళ్ళాను. ల్యాబులో చొక్కా చెయ్యి మడిచి, ఆ అబ్బాయి సూది గుచ్చుతుంటే చూశాను. ఒక్క చుక్క రక్తమే కదా అని నేను చెప్పింది కూడా అబద్ధమే, సిరంజి నిండా తీశాడు.

మర్నాడు కాగితం పట్టుకుని అక్కడి డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఆయన ఒకసారి చూసి, వయసడిగి, మళ్ళీ చూశాడు. గ్రూపు కలిసింది. క్రియాటిన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది.

"మళ్ళీ ఒకసారి చేయిద్దాం. కానీ మీరు ఇచ్చే పరిస్థితి లేదండీ. మీ సంగతి మీరు చూసుకోవాలి ముందు" అన్నాడు.

"ఎనిమిది నెలల క్రితం వచ్చుంటే?"

"అప్పుడు చూడలేదు కదండీ. ఏం చెప్పగలం" అన్నాడు.

రెండోసారి చేయించినా అంకె అక్కడే ఉంది. ఆ ఎనిమిది నెలల మొదట్లో అది ఎంతుండేదో ఇక ఎవరూ చెప్పలేరు. బాగుండేదేమో, ఇప్పటికి అప్ప మంచం దిగి తోటలో తిరుగుతుండేదేమో. లేక అప్పుడూ ఇంతేనేమో. నలభై ఒక్క రికార్డింగులు పక్కపక్కన పెట్టి పోల్చినవాణ్ణి, ఈ రెండు అంకెల్లో ఒకటి నా దగ్గర లేదు. నేనే లేకుండా చేసుకున్నాను. దీనికి నన్ను నేను క్షమించుకోలేదు.

అప్పకు మాటల్లో చెప్పలేకపోయాను. డయాలసిస్ మొదలై అరగంటయ్యాక కాగితం ఆమె కుడిచేతికిచ్చాను. మా ఊళ్ళ వాళ్ళకు ఇంగ్లీషు రాకపోయినా ఆ కాగితంలో ఏ వరస చూడాలో తెలుసు. ఆమె చూపు సరిగ్గా అక్కడికే వెళ్ళి ఆగింది.

"అప్పా, ముందే వచ్చుంటే నీకు..." అన్నాను. "నన్ను తిట్టు."

"నువ్వు కిడ్నీ ఇత్తావని కూకున్నాననుకున్నావేటి నాను?" అంది. "ఈ మంచం మీద పడిన రోజు నించీ నాకు ఒకటే దిగులు. నీకీ జబ్బు నేదని ఎవులైనా సెప్తే బాగున్ను అనుకున్నాను. నువ్వు పరీచ్చకి ఎల్లనన్నాళ్ళూ నేదనే అనుకున్నాను. అందుకే అడగనేదు."

కాగితాన్ని మడిచి తన దిండు కిందే పెట్టుకుంది, నాకివ్వలేదు. నేను తలదించుకుని ఏడ్చాను. నర్సు చూసి పక్క మంచం వైపు వెళ్ళిపోయింది. కొంతసేపటికి అప్ప ఇయర్‌ఫోను కోసం చెయ్యి చాపింది.

"ముసిలాయన్ది పెట్టు" అంది.

పెట్టాను. పియానో మొదలైంది. దగ్గు వచ్చింది, వేలు జారింది, ఆయన ఆగకుండా వెళ్ళాడు. వేణువు వచ్చింది. నా బొటనవేలు అలవాటు చొప్పున ఫోను మీదికి వెళ్ళింది. అప్ప సూది లేని చేత్తో దాన్ని పట్టుకుంది.

నాలుగో నిమిషం తర్వాత ఏముందో ఇద్దరం అప్పుడే విన్నాం. ఆర్కెస్ట్రా పెద్దదవుతుంది, కాస్త గొడవ పడుతుంది, మళ్ళీ తగ్గుతుంది. అప్పుడు మొదటి పాట తిరిగి వస్తుంది, కానీ పియానో దాన్ని వాయించదు. సన్నాయిలాంటి వాద్యమేదో బొంగురుగా అందుకుంటుంది. పియానో దాని పక్కనే చిన్న చిన్న స్వరాలు వేసుకుంటూ చివరిదాకా నడుస్తుంది.

అయిపోయాక కూడా అప్ప నా వేలు వదల్లేదు. "ఇంకా మూడు గంటలుంది, కూకో" అంది.