మేనత్త వదిలిన ఖాళీ

పోయిన వారం నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. మొయినాబాద్ దగ్గర ఏదో ఫామ్‌హౌస్‌లో పూల అలంకరణ మీద రెండు రోజుల వర్క్‌షాపట. మొదటి రోజు డెమో, రెండో రోజు ఎవరి చేత్తో వాళ్లు చేయడం. చివర్న 'మెకానిక్స్ మీరే తెచ్చుకోగలరు' అని ఒక సూచన. అది చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా ఆయన వచ్చి, స్కూటర్‌కేమైనా అయిందా అని అడిగాడు. పాపం, ఆయన తప్పేం లేదు. కొన్నేళ్ల కిందట ఇదే మాటకు మా మేనత్త కూడా అచ్చం అట్లాగే కంగారుపడింది.

మేనత్తది ముడిమ్యాల. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఊరి చర్చిలో, మా వాళ్ల మాటలో గుడిలో, బల్ల మీద పూలు పెట్టే పని ఆమెదే. పెట్టడం అంటే ఆమె ఒప్పుకోదు, పేర్చడం అనాలి. శనివారం పొద్దు వాలగానే ఇత్తడి చెంబు ముందేసుకుని బంతి, చామంతి, పట్టుకుచ్చు వరుస మీద వరుస వేలు దూరే సందు లేకుండా పేర్చేది. ఆ పనిలో ఉన్నప్పుడు పలకరిస్తే చిరాకుపడేది, పలకరించకపోయినా చిరాకుపడేది. ఇట్లా ఎంతమంది పాస్టర్లు వచ్చి పోయారో లెక్కలేదు. అప్పుడు కొత్తగా వచ్చిన పాస్టరయ్య భార్య, మేమంతా అమ్మగారు అనే ఆవిడ, పట్నంలో చదువుకున్న మనిషి. "పెద్దమ్మా, మంచిగనే ఉన్నది గానీ బతుకమ్మ లెక్క కనబడుతున్నది" అని నవ్వుతూనే అన్నది. కోత పండుగకు పట్నం నుంచి పాస్టర్ల మీది పెద్ద అయ్యగారు వస్తున్నారని, ఈసారి పూలు మాడ్రన్‌గా ఉండాలని, కష్టమనుకుంటే ఇక మీదట యూత్ అమ్మాయిలు చూసుకుంటారని కూడా అన్నది. మేనత్త ఆవిడ ముందు "నాకేం కష్టం, నేర్సుకుంట" అనేసి, ఇంటికి పోయి, చేవెళ్లలో ఉన్న నాకు ఫోన్ చేసింది. బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, పువ్వుకూ నాకూ జడ వరకే పరిచయం. అయినా ఎక్కడో ఎవరినో అడిగి మొయినాబాద్ వర్క్‌షాపులో ఇద్దరి పేర్లూ రాయించాను.

చేవెళ్ల నుంచి ఆటో మాట్లాడుకుని పోయాం. అక్కడంతా కార్లలో దిగిన ఆడవాళ్లు. మేనత్త మాత్రం గుడికి పోయినట్టు తెల్లచీర కట్టుకుని, సంచిలో రెండు కిలోల బంతిపూలు వేసుకుని వచ్చింది. నేర్పే మేడమ్ మెడలో కళ్లద్దాలు వేలాడుతున్నాయి, చేతిలో కత్తెర. బల్ల మీద ఒక ఎండుకొమ్మ, రెండు ఈతాకులు, మూడే మూడు జెర్బరా పూలు. "ముందు మెకానిక్స్ చూసుకోవాలి. అవి ఎవరికీ కనపడకుండా దాచాలి" అని మొదలుపెట్టింది. మేనత్త నా మోచెయ్యి గిల్లి, "ఆటో ఖరాబైందా ఏంది? మెకానిక్ అంటున్నది. ఆయన్నెందుకు దాసిపెట్టుడు?" అని అడిగింది. పువ్వును నిలబెట్టే పచ్చ స్పాంజీ, ముళ్ల పీట, తీగ, వీటన్నిటినీ కలిపి ఈ విద్యలో అట్లా అంటారని మాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. అప్పటికే మేనత్త రెండుసార్లు బయటికి పోయి ఆటోను చూసి వచ్చింది.

అసలు చిక్కు మెకానిక్‌తో కాదు, ఖాళీతో వచ్చింది. మేడమ్ ఆ ఎండుకొమ్మను ఒక పక్కకు వంచి, మూడు పూలను ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి కింద గుచ్చి, చేతులు దులుపుకుని అయిపోయిందన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. మేము ఇంకా పూలు వస్తాయేమోనని చూస్తూ కూర్చున్నాం. "ఇక్కడ ఖాళీ ఉంది చూశారా, అదే డిజైన్. పువ్వు ఎంత ముఖ్యమో ఖాళీ అంత ముఖ్యం" అని ఆవిడ చెబుతుంటే నేను పుస్తకంలో రాసుకున్నాను, రాసుకున్నది నాకేం అర్థం కాలేదు. రెండో రోజు మేనత్త కూడా కొమ్మ పెట్టింది, మూడు పూలు పెట్టింది, అంతటితో ఆగితే బాగుండేది. చెయ్యి ఊరుకోక తెచ్చిన బంతిపూలన్నీ ఆ సందుల్లో పేర్చేసింది. మేడమ్ వచ్చి నొప్పించకుండానే ఒక్కొక్కటే తీస్తుంటే, మేనత్త వాటిని ఒక్కొక్కటే ఒళ్లో వేసుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ పూలను ఒక్కొక్కటే మళ్లీ సంచిలో సర్దుకుంది. చివరికి, "ఇది రాకపోతే గుడిల నా చెయ్యి ఆగిపోతది బిడ్డా" అన్నది.

పండుగ దాకా రోజూ సాధన చేసింది. పొయ్యిలోకి తెచ్చిన తుమ్మకొమ్మలన్నీ ఇంట్లో చెంబుల్లో నిలబడ్డాయని చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. శనివారం బల్ల మీద పెట్టి వచ్చిన దాన్ని చూస్తే నాకు మేడమ్ చేసినదే గుర్తొచ్చింది. అదే వంపు, అవే మూడు పూలు, అంతే ఖాళీ. ఆదివారం పొద్దున నన్ను కాపలా పెట్టి, తయారై రావడానికి ఇంటికి పోయింది. కోత పండుగంటే ఎవరూ వట్టి చేతులతో రారు. మక్క కంకులు, గుమ్మడికాయలు, పెరట్లో పూలు తెచ్చి బల్ల దగ్గర పెడతారు. మొదట వచ్చినావిడ చెంబు వైపు చూసి, "అయ్యో, అవ్వకు ఈసారి పూలు దొరకలేదు గావచ్చు" అని తన చామంతులు గుచ్చబోయింది. ముట్టొద్దు, అది అట్లనే ఉండాలె అన్నాను. "ఎందుకు టీచరమ్మా?" అని అడిగింది. ఖాళీ ముఖ్యం అన్నాను. "ఖాళీ ఎట్ల ముఖ్యమైతది?" అన్నది. అన్నేళ్లు పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పినదాన్ని, మేడమ్ దగ్గర పుస్తకంలో రాసుకున్నదే అప్పజెప్పబోయాను. నేను తడబడుతుండగానే ఆమె గుచ్చేసింది. వెనకావిడ బంతులు పెట్టింది, ఇంకో ఆమె గులాబీలు, ఎవరో మక్క కంకి కూడా నిలబెట్టారు. మేనత్త వచ్చేసరికి తుమ్మకొమ్మ కూడా కనపడటం లేదు.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేదేమో. చెంబు ముందు నిలబడి చూసింది, అంతే. అమ్మగారి ముఖం ఎర్రబడింది. ఆరాధన అయ్యాక పెద్ద అయ్యగారు పూలు ఎవరు చేశారని అడిగితే నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక్కసారే "నేనే" అన్నారు. అనేసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేనత్త మాత్రం వంగి బల్ల కింద రాలిన రేకులు ఏరుతోంది. ఆ తర్వాత అమ్మగారు యూత్ అమ్మాయిల మాట మళ్లీ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకిప్పటికీ తెలియదు. ఆ వారం నుంచి మేనత్త పేర్చడం మానేసింది. శనివారం ఒక కొమ్మ, మూడు పూలు పెట్టి పోయేది. ఆదివారం వచ్చినవాళ్లు వచ్చినట్టు మిగతాది నింపేవాళ్లు. ఇది మేడమ్ చెప్పిన పద్ధతా, ఊరి పద్ధతా అని ఒకసారి అడిగాను. "ఖాళీ ఇడవకపోతే ఆళ్లు యాడ వెడతరే?" అన్నది. నవ్వుతూ అన్నదో, ఓడిపోయి అన్నదో ముఖం చూస్తే తేలలేదు.

ఈ మధ్యనే మోకాళ్లకు ఆపరేషనై మేనత్త శంకర్‌పల్లిలో కూతురింట్లో ఉంటోంది. మొన్న ఆదివారం ముడిమ్యాల పోతే చెంబులో నీళ్లు తప్ప ఏమీ లేవు. చుట్టూ ఐదారుగురు చేతుల్లో పూలు పట్టుకుని నిలబడ్డారు. ఇన్నేళ్లూ సందుల్లో పెట్టిన వాళ్లే గానీ, మొదటి పువ్వు పెట్టిన వాళ్లు ఒక్కరూ లేరు. నేర్చుకొచ్చిన దాన్నని నా వైపు చూశారు. పక్కకు పోయి మేనత్తకు ఫోన్ చేసి, మొదటి పువ్వు ఎక్కడ పెట్టాలత్తా అని అడిగాను. "యాడన్న వెట్టు బిడ్డా. ఎన్కొచ్చేటోళ్లు సరిజేస్తరు" అన్నది. ఒక చామంతి పెట్టాను, అది పక్కకు ఒరిగిపోయింది. గంట కొట్టేసరికి చెంబు నిండింది, అందులో నేను పెట్టింది ఏదో నాకే తెలియలేదు. ఏళ్లు కూడా ఇట్లాగే గడిచిపోయాయేమో, అందులో మన చేత్తో పెట్టింది ఏదో తేలకముందే.