ఏడో నంబరు గదిలో నేను చంపిన మనిషి

నేను ఐదుగురిని చంపాను. ఒకే ఆదివారం, మధ్యాహ్న భోజనానికి ముందే ఐదుగురినీ పూర్తిచేశాను. ఆయుధం నీలం సిరా నింపిన ఫౌంటెన్ పెన్ను. పోలీసులు రాలేదు. వాళ్ళొచ్చి నన్ను పట్టుకుపోయినా, ఆ తరవాత జరిగినదానికంటే మర్యాదగానే ఉండేది. చదివి మీరే చెప్పండి.

డెబ్భైల మొదటి రోజులు. తెనాలి పక్క పల్లెనుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చి, పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన ఒక కర్మాగారంలో గుమాస్తాగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కార్మికులకు ఉండటానికి చోటు లేదు. ఇస్నాపూర్‌లో మూడు షిఫ్టులవాళ్ళు కలిసి ఒకే గది కిరాయికి తీసుకునేవారు. ఒకడు డ్యూటీకి లేస్తే, చల్లారకముందే ఆ చాపమీద ఇంకొకడు పడేవాడు.

అలాంటి సమయంలో మా పరిపాలనాధికారి అప్పారావు గారి దృష్టి గుట్టకింది లాడ్జిమీద పడింది. గుట్టలో రాతి గని నడిచినన్నాళ్ళూ దానికోసం వచ్చే ఇంజనీర్లూ గుత్తేదార్లూ బస చేసిన రెండంతస్తుల రాతి మేడ అది. నిజాం కాలంలో కట్టింది. గని మూతపడింది, మేడ ఖాళీ అయింది. వెనక లోతైన గొయ్యి, ముందు విరిగిన గేటు, లోపల గబ్బిలాలు. దయ్యాల లాడ్జి అని పేరు రావడానికి ఇంకేం కావాలి?

"చూడు శేషగిరీ," అన్నారు అప్పారావు గారు. "దాన్ని మనవాళ్ళకి హాస్టలుగా తీసుకుందామని హెడ్డాఫీసు అంటోంది. దయ్యాలున్నాయని కార్మికులు గోల. నువ్వెళ్ళి దాని చరిత్రంతా తవ్వుకురా. ఎవరెవరున్నారు, ఎలా ఖాళీ అయింది, ఈ దయ్యాల గొడవేమిటి, అన్నీ పద్ధతిగా రాసి పట్రా."

పద్ధతి అన్న మాట చెవిన పడితే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. సబ్బుబిళ్ళ విప్పిన తేదీ, అరిగిపోయిన తేదీ కూడా డైరీలో రాసుకునే మనిషిని. ఆదివారం పొద్దున్నే రూళ్ళకర్ర చంకన పెట్టుకుని బయలుదేరాను.

లాడ్జి యజమాని ఖాజా మియా గేటు దగ్గరే ఎదురొచ్చారు. అంచులు నలిగిన షేర్వానీ వేసుకున్న పెద్దమనిషి. "బాబూ, మీ కార్ఖాన తీస్కుంటె ఈ లాడ్జి నిలబడతది. లేకుంటె రాళ్ళు పీకి అమ్ముకునుడే. మా అబ్బాజాన్ కట్టించిండు. నా చేతులతోని ఎట్ల కూలగొట్టుకుంట? జెర మంచిగ రాయుండ్రి."

"నిశ్చింతగా ఉండండి. విన్నది విన్నట్టు రాస్తాను," అని హామీ ఇచ్చాను. మాట తప్పలేదు. తప్పినా బాగుండేది!

గదులు చూపించడానికి కావలి ఎల్లయ్య తాళంచెవుల గుత్తితో నడిచాడు. రెండు, ఆరు సామాన్ల గదులని వదిలేశాం. నేను గళ్ళు గీసి పెట్టుకున్నాను: గది నంబరు, ఉన్నవారి పేరు, వారి ప్రస్తుత స్థితి.

"ఒకటో నంబరులో ఎవరుండేవారు?"

"గుత్తేదారు రాజలింగం సారు."

"ఇప్పుడాయన?"

"పోయిండు సారూ."

మా ఊళ్ళో ఫలానా ఆయన పోయాడని చెబితే విన్నవాడు చెప్పులు విడుస్తాడు. నేనూ విడిచాను. ఎల్లయ్య నా కాళ్ళవంక వింతగా చూశాడు.

"ఎలా పోయాడు?"

"లారీల పోయిండు."

రాసుకున్నాను: లారీ ప్రమాదం.

"మూడో నంబరు?"

"సర్వే సారు. గాయన నడుసుకుంటనే పోయిండు."

పాపం, నడుస్తూ నడుస్తూనే! గుండె ఆగి ఉంటుంది. అదీ రాసుకున్నాను.

"నాలుగు?"

"అరవ సారు. గాయన పెండ్లాం మద్రాసుకెల్లి వచ్చి తీస్కపోయింది."

భాష రాని ఊరికి ఆ ఇల్లాలు ఒంటరిగా వచ్చి, ఎంత ఏడ్చిందో! నా కళ్ళజోడు మసకబారింది. తుడుచుకుని, ఐదో నంబరు అడిగాను.

"గాయన సంగతి అడుగకుండ్రి. ఎవ్వలకు చెప్పకుంట పోయిండు. పొద్దుగాల తలుపు తీస్తె మంచం ఖాళీ!"

కిటికీలోంచి వెనకనున్న గొయ్యివైపు చూశాను. 'గనిలో పడి ఉండవచ్చు' అని రాసి, కింద గీత గీశాను.

"ఇది ఏడు," అంటూ ఎల్లయ్య తలుపు తోశాడు. కిటికీ పక్కన ఒక పేము కుర్చీ ఉంది. "కులకర్ణి సారు కమ్రా. పెద్ద ఇంజనీరు. అసుంటి మనిషి మల్ల దొరకడు. పొద్దుగాల లేసిండు, తానం జేసిండు, దేవునికి మొక్కిండు, నాకు సలాం చెప్పిండు, పోయిండు."

"అంత తేలిగ్గానా?"

"ఇంకెట్ల పోతరు సారూ? ముందటి దినం నుంచే తయారుగ ఉండె."

ఎంత పుణ్యాత్ముడు! ఆ గడపకు దణ్ణం పెట్టాను. ఇక దయ్యాల సంగతి తేల్చాలి. గొంతు తగ్గించి అడిగాను. "ఎల్లయ్యా, నిజం చెప్పు. పోయినవాళ్ళలో ఎవరైనా మళ్ళీ ఇక్కడికి వస్తుంటారా?"

"ఎందుకు రారు? కులకర్ణి సారు వస్తడు గద."

"వస్తాడా! ఎప్పుడు?"

"మనసు గుంజితె వస్తడు. పగటీలి వచ్చి గా కుర్సీల కూసుంటడు."

"పట్టపగలే!"

"రాత్రి వచ్చి ఏం జేస్తడు సారూ? సక్కగ వస్తడు, రెండు కప్పుల చాయ్ తాగుతడు, పోతడు."

"చాయ్ తాగుతాడా? నీకు భయం లేదూ?"

"ఏం బయం? దేవునసుంటి మనిషి. గాని చాయ్‌ల చక్కెర తక్కువైతె మాత్రం కోపమొస్తది."

పేము కుర్చీకి నాలుగడుగుల దూరంలో నిలబడి అంతా రాసుకున్నాను. ఈపాటికి మీరు 'ఓరి వెర్రివాడా' అని నెత్తి కొట్టుకుంటూ ఉంటారు. కొట్టుకోండి. ఆ రోజు నాకు ఆ మాట చెప్పడానికి అక్కడ ఎవరూ లేకపోయారు.

పద్ధతి ప్రకారం రెండో సాక్షి కావాలి కదా! కిందికొచ్చి ఖాజా మియాను అడిగాను. "ఈ ఐదుగురూ పోయినమాట వాస్తవమేనా?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "హౌ బాబూ. ఒక్కొక్కలె పోయిండ్రు. లాడ్జి సున్న అయింది."

నేను ఆయన భుజంమీద చెయ్యి వేసి ధైర్యం చెప్పి, ఇంటికెళ్ళి తలస్నానం చేశాను.

ఆఫీసు కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలి. కాబట్టి ఐదు పేర్లకు ఎదురుగా ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఎక్స్‌పైర్డ్' అని రాశాను. అడుగున ఒక గమనిక చేర్చాను: ఏడో గది దయ్యం పగలు మాత్రమే వచ్చును, రెండు కప్పుల చాయ్ పుచ్చుకొనును, చక్కెర సరిపోయినచో ఎవరికీ హాని చేయదు.

అప్పారావు గారు చదువుతూ చదువుతూ కుర్చీలో వెనక్కి జరిగారు.

"ఏమిటయ్యా ఇది! ఐదు గదులు, ఐదు చావులా?"

"విచారణలో తేలింది సార్."

"దయ్యానికి చక్కెర ఎక్కువ కావాలా?"

"ఇద్దరు సాక్షులున్నారు సార్." చక్కెరకు ఒక్కడే సాక్షి. ఆ వేడిలో నాకది తోచలేదు.

"ఇక చాలు. ఈ కొంప మనకొద్దు." ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, ఫైలు హెడ్డాఫీసుకి పంపేశారు.

నాలుగోరోజు ఖాజా మియా, ఎల్లయ్య కర్మాగారం గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉన్నారు. "బాబూ, ఏం రాసినవ్? మీ ఆఫీసోళ్ళు వద్దన్నరంట గద. మేస్త్రీలు వచ్చిండ్రు, పై అంతస్తు తలుపుల చౌకట్లు పీకుతున్నరు. ఆ సప్పుడు ఇనలేక ఈడికి వచ్చిన."

"నేను నిజమే రాశానండీ," అన్నాను. నిజమన్న మాటను అంత గర్వంగా, అంత తప్పుగా పలికిన మనిషి ఈ జిల్లాలో మరొకడు ఉండడు.

అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. ఫైలు మూసేముందు కట్టడాన్ని ఒకసారి చూసిరమ్మని హెడ్డాఫీసు తమ ఇంజనీరును పంపింది. బట్టతల, బొజ్జ, చంకలో నా ఫైలు. దిగీదిగగానే అడిగాడు.

"శేషగిరి అంటె ఎవరు?"

"నేనే సార్."

"నేను కులకర్ణి. ఏడో నంబరు."

నా గమనికలోని దయ్యం నా ఎదురుగా నిలబడి ఉంది. అందులోనూ ఆయన పగటిపూటే వచ్చాడు! నేను పారిపోకుండా నిలబడ్డానంటే, గేటు ఊచ పట్టుకుని ఉండటమే కారణం.

"ఇందుల నేను చచ్చిపోయిన అని రాసినవు. నాకెవ్వరు చెప్పనే లేదు! లాడ్జి ఇడిసినంక ఈ కంపెనీల కొలువు దొరికింది, ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు. ఆళ్ళను ఏమనుకోవాలె?"

"ఎల్లయ్యే చెప్పాడు సార్! పోయిండని చెప్పాడు!"

ఎల్లయ్య ముందుకు దూకాడు. "పోయిండన్న! పోయిండు గద! సచ్చినోన్ని సచ్చిండంటం, పోయినోన్ని పోయిండంటం. మీరేంది సారూ, పోయినోన్ని పోయినట్టే సంపుకుంట వస్తిరి!"

జీపు చప్పుడు విని బయటికొచ్చిన అప్పారావు గారు, "వెళ్ళాడు అనకూడదూ? నాకూ అలాగే అర్థమైందే," అని గొణిగారు. ఆయనది బందరు. అంతలోనే తాను అధికారినన్న సంగతి గుర్తొచ్చి నావైపు గుర్రుగా చూశారు. "చక్కెర సంగతీ అబద్ధమేనా?"

"అదొక్కటి నిజమే," అన్నాడు కులకర్ణి.

ఆయన ఫైలును జీపు బానెట్టుమీద పరిచి, పెన్ను తీసి, ప్రతి 'ఎక్స్‌పైర్డ్' ముందూ 'స్టే' అని చేర్చాడు. అంటే బస గడువు ముగిసిందని. ఐదు గీతల్లో ఐదుగురూ లేచి కూర్చున్నారు. అడుగున గమనిక కొట్టేసి, కట్టడం గట్టిగా ఉంది, తీసుకోవచ్చు అని సంతకం పెట్టాడు. అప్పారావు గారు తన ఎర్ర సిరాను తనే కొట్టేసుకున్నారు.

"ఎల్లయ్యా! మేస్త్రీలను ఆపు పో! జల్దీ!" అని అరిచారు ఖాజా మియా. ఎల్లయ్య కంటే ముందు ఆయనే జీపెక్కారు. వాళ్ళు చేరేసరికి ఆరు చౌకట్లు ఊడి ఉన్నాయి. వాటిని మళ్ళీ బిగించారు. మా కార్మికులు ఇస్నాపూర్ నుంచి పెట్టెలతో ఆ లాడ్జికి మారారు. ఎవరి మంచం వాళ్ళకి దొరికింది.

అప్పారావు గారు మాత్రం నన్ను వదల్లేదు. "ఇకమీదట ఎవరైనా పోయారని చెబితే, 'ఎక్కడికి?' అని అడుగు. 'మళ్ళీ ఎప్పుడొస్తారు?' అని అడుగు. రెండింటికీ జవాబు రానిదే కాగితంమీద కలం పెట్టకు. ఇది నా ఆర్డరు!"

నేను ఆర్డరు మీరే మనిషిని కాను. నెల తరవాత ఒక ఉదయం ఆయన ఆలస్యంగా వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శేషగిరీ, నాకు వారం రోజులు సెలవు చీటీ రాయి. మా మావగారు పోయారయ్యా."

నేను లేచి నిలబడి, వినయంగా అడిగాను. "ఎక్కడికండీ?"

టైపు మిషను ఆగింది. ఆర్డరు ప్రకారం రెండో ప్రశ్న కూడా వేశాను.

"మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

నా ఉద్యోగం ఖాయం కావడానికి అందరికంటే ఆరు నెలలు ఎక్కువ పట్టింది. ఆ సెలవు చీటీ రోజు సాయంత్రమే తూర్పుముఖంగా నిలబడి, చేయి చాచి ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో నా ఎదుట ఎవరు పోయినా, ఎటు పోయినా, ఏ జిల్లా తెలుగులో పోయినా, నేను నోరు విప్పను, కలం ముట్టను. పోయినవాళ్ళు స్వయంగా వచ్చి చెబితే తప్ప, ఒక్కరినీ నమోదు చేయను.