సుంకమ్మ ఎక్కితే రాని స్పార్క్

దారి మధ్యలో బండి ఆగిపోతే మీరు మొదట చూసేది ఇంజన్ వైపా, పక్కన కూర్చున్న మనిషి ముఖం వైపా? నిజం చెప్పండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ చూడడం లేదు.

నేను ఇరవై ఆరేళ్ళుగా కళ్యాణదుర్గంలో బండ్లకు కరెంటు పని చేస్తున్నాను. ప్లగ్గు, కాయిల్, వైరింగు, బ్యాటరీ. పొద్దంతా ఇదే. ఆదివారాలు మాత్రం వేరే పని. దయ్యం పట్టిందన్న ఊరికి, చేతబడి చేశారన్న ఇంటికి పోయి పదిమందిలో నిలబడి వాదిస్తాను. అంత్రాలు కట్టేవాళ్ళను, అంజనం వేసేవాళ్ళను సభల్లో నిలదీశాను. నా షాపు గడపకు ఎవరైనా నిమ్మకాయ కడితే దాన్ని కోసి నీళ్ళలో పిండుకుని తాగుతాను. ఈ సంగతి గొప్పకు చెప్పడం లేదు. కింద రాసింది చదివి, వీడు మొదటి నుంచీ మెత్తని మనిషేలే అని మీరు తేలిగ్గా తీసేయకూడదని చెబుతున్నాను.

నిరుడు ఎండాకాలంలో తిప్పేస్వామి అనే డ్రైవరు తన ఆటోను నా దగ్గరకు తెచ్చాడు. పెట్రోలు బండి. కంబదూరు వైపు నాలుగు పల్లెల నుంచి మనుషుల్ని ఎక్కించుకుని కళ్యాణదుర్గం చేరుస్తాడు.

"అన్నా, బండి బాగానే ఉండాది. ఒక ఆడమనిషి ఎక్కితే నిలబడిపోతాది, దిగితే కదుల్తాది. దీన్ని నువ్వేం బాగు చేస్తావు గానీ, నా పెండ్లాం పోరు పడలేక తెచ్చినా" అన్నాడు.

ఆ ఆడమనిషి పేరు సుంకమ్మ. యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆటో తిరిగే పల్లెల్లో చివరిదానికి అవతల, కాలనీలో ఒంటిగది ఇల్లు. చెనిక్కాయ చేలల్లో కూలికి పోయేది. షుగరు ముదిరి ఎడమ పాదం అడుగున పుండు పడింది. రోజు విడిచి రోజు కళ్యాణదుర్గం ఆసుపత్రికి వచ్చి కట్టు మార్పించుకోవాలి. ఆ కాలి మీద నడవకూడదు, నడిస్తే పాదం దక్కదు అని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ ఊరికి బస్సు లేదు. బస్సు కావాలంటే నాలుగు కిలోమీటర్లు నడిచి మెయిన్ రోడ్డుకు చేరాలి. ఉన్నది తిప్పేస్వామి ఆటో ఒక్కటే. అందులోంచి ఆమెను దించేశారు.

నేను ఆటో చుట్టూ తిరగలేదు. ముందు డ్రైవరును నాలుగు ప్రశ్నలు అడిగాను. బండి ఎంత దూరం వచ్చాక ఆగుతుంది? ఎక్కడ ఆగుతుంది? ఎంతసేపటికి మళ్ళీ స్టార్టవుతుంది? సుంకమ్మ ఎక్కేది చివరి స్టాపులో. అప్పటికి బండి ఎండలో మూడు పల్లెలు తిరిగి, తొమ్మిది మందిని మోస్తూ కాగిపోయి ఉంటుంది. కాలనీ దాటగానే పెద్ద ఎత్తు. అక్కడే ఆగుతోంది.

ఇగ్నిషన్ కాయిల్ విప్పాను. చల్లగా ఉన్నప్పుడు మీటరు సరైన రీడింగే చూపింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి వేడినీళ్ళ గిన్నెలో పెట్టి మళ్ళీ చూశాను. లోపలి తీగ తెగినట్టు చూపింది. వేడెక్కితే తీగ విడిపోతోంది, చల్లబడితే అతుక్కుంటోంది. వేడికి విడిపోగానే ప్లగ్గుకు స్పార్క్ ఆగిపోతుంది. కాయిల్ చల్లబడడానికి పావుగంట పడుతుంది. సుంకమ్మను తిట్టి, బతిమాలి, దించడానికి జరిగే గొడవకూ అంతే పడుతుంది.

కొత్త కాయిల్ వేశాను. బండి ఆగడం మానేసింది. తరువాతి పది రోజుల్లో సుంకమ్మ అయిదుసార్లు అదే ఆటోలో ఆసుపత్రికి వచ్చింది. పుండులో ఎర్రగా కొత్త కండ పడుతోందని, మానే గుర్తు అని నర్సు చెప్పిందట. నా షాపు ముందు దిగి ఆ మాట నాకు చెప్పి నవ్వింది.

ఇక్కడితో ఊరుకుని ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

తిప్పేస్వామి కొత్త కాయిల్‌తో పాటు హ్యాండిల్‌కు ఒక నిమ్మకాయ కూడా కట్టుకున్నాడు. బండి ఆగకపోవడానికి ఆ నిమ్మకాయే కారణమని ఊరంతా అనుకుంటోందని తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మీటరు, నా వేడినీళ్ళ పరీక్ష, నా ఇరవై ఆరేళ్ళ పని ఒక నిమ్మకాయ ఖాతాలో పడ్డాయి. సుంకమ్మ ఊళ్ళో పెద్దమనిషి, పాలకేంద్రం నడిపే ఎర్రిస్వామికి కబురు పెట్టాను. ఆదివారం పొద్దున వస్తాను, అందరి ముందు నిమ్మకాయ తీసేయించి, సుంకమ్మను ఎక్కించి చూపిస్తాను, స్పార్క్ రాకపోతే అక్కడే మీసం తీయించుకుంటాను అని సవాలు చేశాను. మా వాదాల్లో ఇది అలవాటు. ఏదో ఒకటి పందెం పెట్టకపోతే జనం కదలరు.

ముందురోజు సుంకమ్మకు సంగతి చెప్పాను.

"వద్దన్నా" అంది వెంటనే. "నిమ్మకాయ అనుకుంటే అనుకోనీలే. నేను ఎక్కి పోతాండా గదా. నాకు అది చాలు."

"ఇది నీ ఒక్కదాని సంగతి కాదమ్మా, సత్యం సంగతి" అన్నాను. ఆ వాక్యాన్ని నేను ఎన్నో సభల్లో వాడాను. ప్రతిచోటా చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. తల దించుకుని "నీ ఇష్టం సామీ" అంది. అంతవరకూ అన్నా అన్నది, ఆ క్షణం నుంచి సామీ అంది.

ఆదివారం పది గంటలకు పాలకేంద్రం రేకుల షెడ్డు కింద ఆటో పెట్టించాను. ఎండలో స్పార్క్ కంటికి ఆనదు, నీడ కావాలి. అరవై డెబ్బై మంది చేరారు. నిమ్మకాయ తెంపించాను. కొత్త ప్లగ్గును వైరుకు తగిలించి, ఇంజన్ బాడీకి ఆనించి పట్టుకున్నాను. తిప్పేస్వామి సెల్ఫ్ కొట్టాడు. చిటచిటమంటూ నీలం స్పార్క్. మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ వచ్చింది. పిల్లలు ఈలలు వేశారు.

సుంకమ్మను వెనక సీట్లో కూర్చోమన్నాను. తిప్పేస్వామి సెల్ఫ్ కొట్టాడు.

ఇంజన్ తిరిగింది. స్పార్క్ లేదు.

నాకు నవ్వు వచ్చింది. వైరు ఎక్కడో వదులైంది అనుకున్నాను. ఆమెను దిగమన్నాను. స్పార్క్ వచ్చింది. ఎక్కమన్నాను. లేదు. తెచ్చిన రెండో కాయిల్ మార్చాను. లేదు. ప్లగ్గు మార్చాను. లేదు. సీటు కింద వైరు నలుగుతోందేమోనని తిప్పేస్వామి భార్యను అదే చోట కూర్చోబెట్టాను. స్పార్క్ వచ్చింది. మళ్ళీ సుంకమ్మ. లేదు. ఆమె కూర్చుని ఉండగానే బ్యాటరీ, ఎర్త్, పికప్ కాయిల్, అన్నీ మీటరుతో చూశాను. ఎక్కడా తేడా లేదు. ఆమె దగ్గర ఫోను లేదు, అయస్కాంతం లేదు, ఒంటి మీద పిన్నీసు కూడా లేదు. చేతికి గాజు గాజులు రెండు.

నా సొంత మోటార్ సైకిల్ పది అడుగుల దూరంలో ఉంది. దానికీ ఒక ప్లగ్గు తగిలించి కిక్ కొట్టించాను. మంచి స్పార్క్. సుంకమ్మను ఆటో దించి, దాని పక్కన నిలబెట్టాను. ఆమె బండిని ముట్టుకోనైనా లేదు. నల్లగా, చల్లగా, ఆ ప్లగ్గు నా చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఏమప్పా, మీటరు ఏమంటాది? దానికీ నోరు పడిపోయినాదా?" అన్నాడు ఎర్రిస్వామి. జనం గొల్లున నవ్వారు.

"నిమ్మకాయ కట్టి చూడుర్రీ" అని ఎవరో అరిచారు. తిప్పేస్వామి కట్టాడు. ఆమెను మళ్ళీ ఎక్కించారు. అప్పుడు కూడా రాలేదు. ఒప్పుకుంటున్నాను, ఆ నిమిషంలో నాకు సంతోషం కలిగింది. నేను ఓడిపోయాను, నిమ్మకాయ కూడా ఓడిపోయింది.

"సామీ, కాలు మండుతాంది" అంది సుంకమ్మ.

"ఇంకొక్కసారమ్మా" అన్నాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఒక్కో ఫలితం రాసుకోసాగాను. ఎక్కినప్పుడు లేదు. దిగినప్పుడు ఉంది. ఎక్కినప్పుడు లేదు. ఆటో మెట్టు మీద ఆమె ఏ కాలు పెట్టి ఎక్కుతోందో నేను చూడలేదు. నా చూపంతా ప్లగ్గు కొన మీద, అంగుళంలో పదోవంతు కూడా లేని సందు మీద ఉంది.

తిప్పేస్వామి భార్య నా చెయ్యి పట్టి గుంజింది. "చాలించన్నా! కట్టు తడిసిపోయిండాది, కనబడ్లేదా?"

చూశాను. మెట్టు మీద నెత్తురు. సిమెంటు మీద ఆమె అడుగులు, ఎడమవి మాత్రమే, ఆటోకూ మోటార్ సైకిల్‌కూ మధ్య వరసగా. పుస్తకంలో లెక్క చూస్తే ఆమెను ఏడుసార్లు ఎక్కించి దించాను.

ఎర్రిస్వామి మంగలిని పిలిపించాడు. మీసం అక్కడే తీశారు. నెల తిరగకుండా మళ్ళీ మొలిచింది.

సుంకమ్మను మాత్రం ఆ రోజు నుంచి ఆ పల్లెల్లో ఎవరూ ఏ బండిలోనూ ఎక్కించుకోలేదు. అంతకుముందు అది ఊళ్ళో గుసగుస. ఇప్పుడు నాస్తికుడు మీటరు పెట్టి రుజువు చేసిన సంగతి. ట్రాక్టరువాళ్ళూ ఎక్కించుకోలేదు. ట్రాక్టరు డీజిల్ బండి. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్గే ఉండదు, ఆగడానికి అక్కడ స్పార్కే లేదు. ఈ మాట నేను ఎర్రిస్వామికి ఫోనులో చెప్పాను. "నీ సైన్సు ఆ పొద్దే చూసినాం లేప్పా" అని పెట్టేశాడు.

ఆమె నడిచింది. రోజు విడిచి రోజు నాలుగు కిలోమీటర్లు మెయిన్ రోడ్డుకు, అక్కడి నుంచి బస్సు, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ నాలుగు. రోడ్డు మీద పోయే బస్సు ఆమెను ఎక్కించుకుంది, దారిలో ఎక్కడా మొరాయించలేదు. తరువాత వారానికి ఒకసారి నడిచింది. తరువాత మానేసింది.

నేనేం చేశానని మీరు అడగాలి. నాకు రెండు చేతులున్నాయి, తెలిసిన డీజిల్ బండ్లవాళ్ళు పట్నంలో పదిమంది ఉన్నారు. ఒక మాట చెబితే వచ్చేవారు. నేను చెప్పలేదు. ఆమె నడిచి, మానేసిన ఆ రెండు నెలలూ నేను షాపు వెనక కూర్చుని, స్పార్క్ ఎందుకు రాలేదో తేల్చే పనిలో ఉన్నాను. చెమట తేమతో చూశాను. నైలాన్ చీర రాపిడితో చూశాను. రేకుల షెడ్డు కింద బండి పెట్టి చూశాను. ప్రతిసారీ స్పార్క్ నిక్షేపంగా వచ్చింది.

ఒళ్ళు తెలియని జ్వరంతో ఆమె పడి ఉంటే తిప్పేస్వామి భార్యే అంబులెన్సుకు ఫోను చేసింది. అనంతపురంలో ఎడమ పాదం చీలమండ పైదాకా తీసేశారు.

చూడడానికి పోయాను. షాపు నుంచి నేరుగా పోవడంతో భుజాన పనిముట్ల సంచి ఉంది. సుంకమ్మ ముందు ఆ సంచిని చూసింది, తరువాత నన్ను. మిగిలిన కాలిని దుప్పటి కిందికి లాక్కుంది.

"మళ్ళీ ఎక్కల్నా సామీ?" అంది.

దయ్యాలు లేవు. ఆ మంచం పక్క నుంచి వచ్చాక కూడా ఈ మాటే చెబుతున్నాను. కానీ ఆ ఆదివారం, రెండు బండ్లకు, మూడు ప్లగ్గులకు, ఆ మనిషి దగ్గరుంటే స్పార్క్ రాలేదు. నా కళ్ళతో చూశాను, నా చేత్తో రాసుకున్నాను. కారణం నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

తెలిసినది ఒకటుంది. కారణం తెలిసినా తెలియకపోయినా ఆ పాదాన్ని తీసింది స్పార్క్ కాదు. ఆమె ఎక్కితే బండి నిజంగానే ఆగుతుందనుకోండి. అయితే ఏం? ఆగిన బండిని తోయడానికి అందులో తొమ్మిది మంది ఉన్నారు. ఆ తొమ్మిది మందికీ, డ్రైవరుకూ, నాకూ ఆ ఆలోచన రాలేదు. నమ్మేవాళ్ళు ఆమెను దించారు. నమ్మని నేను ఏడుసార్లు ఎక్కించి దించాను.

మీ ఊళ్ళో కూడా ఒకరుంటారు. ఎవరో మీకు తెలుసు. రేపు పొద్దున బండి ఆమె ముందు ఆపండి. శకునం చూడొద్దు, నాలాగా పరీక్షా పెట్టొద్దు. ఎక్కించుకోండి. బండి ఆగిపోతే ఆమెను కూర్చోనివ్వండి. మీరు దిగి తొయ్యండి.