అమ్మ అడిగిన కంకరం

మా చిన్నప్పుడు... సాయంత్రం కందిలి వెలిగించాక మా ఇంట్లో ముందుగా జరిగేవి ఇవి.

1. అక్క చాప పరిచేది.
2. బాపు కాళ్లు కడుక్కుని వచ్చి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి మోకాలి మీద పెట్టుకునేవాడు.
3. నేను బైబిలులో ఒక అధ్యాయం చదివేవాణ్ణి. అమ్మకూ బాపుకూ చదువు రాదు.
4. అమ్మ తలమీద కొంగు కప్పుకుని ప్రార్థన చేసేది.

ఈ నాలుగోది నా మూలంగా ఆగిపోయింది... దాని గురించే ఈ రాత.

మాది ఇబ్రహీంపట్నం. అమ్మా బాపూ ఇద్దరూ ఊరి బయట కంకర మిషన్‌లో పనికి వెళ్లేవారు. బాపు రాళ్లు కొట్టేవాడు, అమ్మ కంకర గంపలు మోసేది. ఇంటికి రాగానే తలమీది చుట్టబట్ట తీసి దులిపితే తెల్లని దుమ్ము లేచేది... ఆ దుమ్ము అంటిన తలమీదే కొంగు కప్పుకుని దేవుడితో మాట్లాడేది.

మాట్లాడేది అనే అంటాను... అమ్మ ప్రార్థనలో పుస్తకం మాటలు తక్కువ. బాపు దగ్గు, అక్క లెక్కల పరీక్ష, పక్కింటి లక్ష్మమ్మత్త బర్రె ఈనే రోజులు, పెద్దచెరువులోకి రావలసిన నీళ్లు... అన్నీ పేరు పేరునా చెప్పేది. మధ్య మధ్య "నీకు ఎర్కే గదా తండ్రీ" అని గుర్తు చేసేది. ముగింపు మాత్రం ఎప్పుడూ ఒకటే... "మా మీద కంకరం సూపు."

కనికరం అనడానికి ఆమెకు నోరు తిరిగేది కాదు. కంకరం అనేది.

నాకప్పుడు పదేళ్లు. ఆదివారపు బడిలో వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పినందుకు బహుమతిగా ఒక నోటుపుస్తకం ఇచ్చారు. దాని చివరి పేజీలో నిలువుగా గీత గీసి ఒక జాబితా మొదలుపెట్టాను. ఎడమ పక్క అమ్మ పలికే మాట, కుడి పక్క సరైన మాట. కంకరం, కనికరం. పల్లోకం, పరలోకం. ఆసీరాదం, ఆశీర్వాదం...

ఒక శనివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. అమ్మ పని మానుకుని ఇల్లంతా అలికింది. పాస్టరయ్యా, ఇద్దరు సంఘ పెద్దలూ వచ్చి మా చాపమీద కూర్చున్నారు. అమ్మ ప్రార్థన ముగించి కళ్లు తెరవకముందే నేను అన్నాను.

"అమ్మా, పొద్దంత కంకర మోసింది సాల్లేదా? దేవుణ్ణి గూడ కంకరే అడుగుతున్నవ్."

పాస్టరయ్యకు కూడా నవ్వు ఆగలేదు. ఒక పెద్దాయన, "ఏం సెల్లె, ఒక్క లారీ సాలునా?" అన్నాడు. "పిలగాడు మస్తు హుషారున్నడు," అన్నాడు రెండో ఆయన. ఆ మెప్పు చాలనట్టు నేను నోటుపుస్తకం తెచ్చి జాబితా అంతా చదివి వినిపించాను... వరుస సంఖ్యలతో సహా.

"సాలు తియ్," అన్నాడు బాపు. ఆయనొక్కడే నవ్వలేదు. అమ్మ కూడా నవ్వింది... కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మరునాడు సాయంత్రం అధ్యాయం చదివి అమ్మ వైపు చూశాను. "నువ్వే చెయ్ బిడ్డ... నీకు మంచిగొస్తది," అంది. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగా నమ్మే అంది. నేను పొంగిపోయి పావుగంట ప్రార్థించాను. ఒక్క తప్పు లేదు. బాపు దగ్గు కూడా లేదు, లక్ష్మమ్మత్త బర్రె కూడా లేదు. అమ్మ "ఆమేన్" అంది.

ఆ తర్వాత అమ్మ నోట ఆమేన్‌కు మించి నేను వినలేదు. చివరి రోజుల్లో మంచంలో ఉన్న బాపు, "ఒక్క మాట నువ్వు చెయ్యే," అని ఆమెను అడిగాడు. ఆమె నా వైపు చూసింది... నేనే చేశాను. బాపు అడిగింది నన్ను కాదు.

మా పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. "నానమ్మ ఎందుకు ప్రార్థన చెయ్యదు డాడీ?" అని ఎన్నిసార్లు అడిగిందో. "ఆమెకు సిగ్గు బిడ్డా," అని చెబుతూ వచ్చాను. సిగ్గుపడవలసింది ఎవరో తెలిసి కూడా.

ఈ రోజు సాయంత్రం అందరి ఫోన్లూ పక్కన పెట్టించి, చాప పరచి, ఆ సంగతంతా పాప ముందే చెప్పాను. "తప్పైంది అమ్మా," అన్నాను. పదో తరగతితో బడి ఆగినా నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకున్నవాణ్ణి... అంతకంటే మంచి వాక్యం కుదరలేదు.

అమ్మ కాసేపు చాప అంచు సవరించింది.

"గది ఇంక యాదికున్నదా నీకు?"

"నీకు లేదా?"

"ఎట్ల మర్సిపోత... గని నేనేం బంద్ చెయ్యలే బిడ్డ. పొయ్యికాడ చేస్కుంటనే ఉన్న. నీ పేరు మీద దినాం గదే అడుగుత."

"ఏది?"

"కంకరమే."

"ఇప్పుడు చెయ్ అమ్మా... మా ముంగట."

తల అడ్డంగా ఊపింది. "నీ ముంగట నాకు మాట రాదు బిడ్డ. దిద్దుతవ్."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే కొంచెం నయంగా ఉండేది...

పాప లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకొక్కదానికి ఇనిపిస్తవా నానమ్మా?" ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. కొద్దిసేపటికి గోడ అవతల నుంచి సన్నగా... పాప పరీక్షలు, నా బీపీ, పైఇంటి వాళ్ల కోడలి కాన్పు... "నీకు ఎర్కే గదా తండ్రీ..."

నేను వెళ్లలేదు. వెళ్తే ఆగిపోతుంది. చాపమీదే కూర్చున్నాను.

ఇప్పుడు కందిలి అక్కర లేదు. బైబిలు ఫోనులోనే ఉంది, తప్పు లేకుండా చదివి వినిపించే గొంతు కూడా అందులోనే ఉంది... దానికి మా ఇంట్లో ఎవరి పేరూ తెలియదు.

మీ ఇంటి పెద్దవాళ్లు ప్రార్థనలో తమ తీరున పలికే మాట ఏదైనా ఉంటే కింద రాయండి... వాళ్లు పలికినట్టే రాయండి. నేను దిద్దను.

సాయంత్రం ఏడు గంటల నలభై నిమిషాలు.
నీరటి యోహాను ప్రకాశం