టీసీ గారి సిగ్నల్ తనిఖీ

టీసీ గారికి లోకం మీద ఉన్న అనుమానాలన్నిటిలోకీ పెద్దది ఒకటుంది: తన ఇంటి టీవీ సిగ్నల్‌ని ఎవరో లాగేస్తున్నారని. ఉద్యోగమంతా రైలు పెట్టెల్లో టికెట్ లేనివాళ్లని పట్టుకోవడంలోనే గడిచింది. రిటైరయ్యాక రైళ్లు పోయాయి గాని ఆ చూపు పోలేదు. పాలవాడు నవ్వితే ఎందుకు నవ్వాడని అనుమానం, నవ్వకపోతే ఏం దాస్తున్నాడని అనుమానం. అవన్నీ చిల్లర అనుమానాలు. అసలు సిసలుది డాబా మీది ఏంటెనా గురించి.

ఆ ఇంటి కోడలికి పెళ్లికి ముందు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసొచ్చింది. వాళ్లింట్లో చూసేవి నెలనెలా డబ్బు కట్టక్కర్లేకుండా గాల్లో వచ్చే డిజిటల్ చానళ్లు. ఆ బొమ్మకి మధ్యేమార్గం లేదు. వస్తే అద్దంలా వస్తుంది, రాకపోతే వార్తలు చదివే ఆవిడ మొహం గళ్ల దుప్పటి అయిపోతుంది. గళ్లు కనపడగానే టీసీ గారు కుర్చీలోంచి లేచేవారు.

"చూశావా అమ్మాయ్! ఎవడో ఎక్కేశాడు."

"ఎక్కడికి మామయ్యా?"

"మన సిగ్నల్ మీదికి. టికెట్ లేకుండా."

"అది అందరికీ ఉచితంగా వచ్చేదే కదా! ఉచితంగా వచ్చేదాన్ని ఎవరైనా దొంగిలిస్తారా?"

"ఉచితమే. ఎవరిది వాళ్లకి ఉచితం."

ఈ తర్కానికి జవాబు చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు. ఆయన చొక్కా తొడుక్కుని, టార్చి పట్టుకుని నేరుగా పక్కింటికి వెళ్లేవారు.

పక్కింట్లో ఉండేది సైన్సు టీచరు. ఆవిడా రిటైరయ్యి ఒంటరిగా ఉంటోంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా సాయం చేస్తామంటే ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. జ్వరమని తెలిసి కోడలు ఓసారి కూర గిన్నె పట్టుకెళ్తే, "నాకు చేతుల్లేవా?" అని గుమ్మంలోంచే తిప్పి పంపింది. అలాంటి మనిషి, టీసీ గారు తలుపు కొట్టి "టీచరు గారూ, మీ మీద అనుమానంగా ఉంది" అంటే మాత్రం తలుపులు బార్లా తీసేది.

"నా మీదా? రండి! వెతకండి! దొరక్కపోయిందో, మర్యాద దక్కదు!"

ఆయన వెతికేవారు. టీవీ వెనక దూరి వైరు పట్టుకుని బయల్దేరితే ఆ తనిఖీ ఇక టీవీ దగ్గర ఆగేది కాదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలెత్తేవారు. గ్యాసు గొట్టం వాసన చూసేవారు. మందుల డబ్బా తెరిచేవారు. పోతూ పోతూ వెలగని బల్బు ఏదన్నా కనిపిస్తే పీకి, "ఇది సాక్ష్యం" అని జేబులో వేసుకునేవారు.

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న కోడలికి తల కొట్టేసినట్టయ్యేది. సిగ్నలేమైనా కూర గిన్నెలో దాక్కుంటుందా? ఏదో ఓరోజు టీచరు గారు పరువు నష్టం కేసు వేస్తుందనీ, వీధిలో తలెత్తుకోలేమనీ ఆమె భయం. భర్తకి చెబితే "నాన్నంతే" అన్నాడు. ఆ ఒక్క ముక్కతోనే అతను ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు.

చివరికి కోడలే నడుం కట్టింది. మామగారు బయటికెళ్లిన పూట చూసి మెకానిక్‌ని పిలిపించింది. అతను డాబా ఎక్కి పకపకా నవ్వాడు.

"మీ ఏంటెనా టవరు వైపు చూడట్లేదమ్మా, నీళ్ల ట్యాంకు వైపు చూస్తోంది. ఇంకెక్కడి సిగ్నల్!"

గొట్టం ఎత్తు పెంచి, ఏంటెనాని టవరు దిక్కుకి తిప్పి, తుప్పు పట్టిన వైరు అతుకు మార్చి వెళ్లాడు. సాయంత్రానికి వార్తలావిడ చెవిపోగుల రాళ్లతో సహా మెరిసిపోయింది.

టీసీ గారు బొమ్మని ఎగాదిగా చూశారు. "ఇంత బాగా ఎందుకొస్తోంది?" అన్నారు అనుమానంగా. కోడలు గెలిచాననుకుంది. కానీ ఆ సాయంత్రమూ, ఆ తర్వాతి సాయంత్రాలూ ఆయన ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. కాసేపు చొక్కా వైపు చూస్తారు, కాసేపు పక్కింటి గోడ వైపు చూస్తారు. అన్నం సయించడం మానేసింది.

ఓ పొద్దున కోడలు బట్టలారేద్దామని డాబా ఎక్కితే, స్టూలు మీద నిలబడి ఎవరో ఏంటెనాని నీళ్ల ట్యాంకు వైపు తిప్పుతున్నారు. దొంగ దొరికాడు. దొంగ టీసీ గారే.

"మామయ్యా!"

టికెట్ లేకుండా దొరికిపోయినవాళ్ల మొహం ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. ఇప్పుడు అచ్చం అదే మొహం పెట్టారు.

"ఇన్నాళ్లూ పాడుచేస్తున్నది మీరేనా?"

"ఏం చెయ్యమంటావమ్మా? ఆవిడ్ని 'ఎలా ఉన్నారు' అంటే తలుపేస్తుంది, 'దొంగ' అంటే తలుపు తీస్తుంది. లోపలికెళ్తే వండుకుందో లేదో గిన్నె చెబుతుంది, మాత్ర వేసుకుందో లేదో డబ్బా చెబుతుంది. బల్బు వెలగకపోతే సాక్ష్యమని పీక్కొచ్చి మర్నాడు కొత్తది బిగిస్తా. బొమ్మ ఇంత బాగుంటే ఇప్పుడు ఏమని వెళ్లను? నా కాళ్లు కట్టేశావు!"

కోడలికి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసా తను సిగ్గుపడింది అని బాధేసింది. "ముందు దిగండి, మోకాళ్లు జాగ్రత్త" అని, తనే వెళ్లి టీచరు గారి తలుపు తట్టింది.

టీచరు గారు ముందు ఆమె చేతుల వైపు చూసింది. గిన్నె లేదని తేల్చుకున్నాకే నోరు విప్పింది.

"మీ మామగారు రావట్లేదేం?"

"సిగ్నల్ బాగైందండీ. మెకానిక్‌ని పిలిపించాను."

"తెలివితక్కువ పని!" అని విరుచుకుపడింది ఆవిడ. "జీవితమంతా సైన్సు చెప్పినదాన్ని. గాల్లో వచ్చే సిగ్నల్ పక్కింటివాళ్లు పట్టుకుంటే తరిగిపోదని నాకు తెలీదనుకున్నావా?"

"మరెందుకు ఊరుకున్నారండీ?"

ఆవిడ గొంతు తగ్గించింది. "మీ అత్తగారు పోయాక ఆ మనిషి ఎవరితోనూ పలకలేదమ్మా. ఓరోజు అనుమానం పెట్టుకుని నా గుమ్మంలోకొచ్చి అరిచాడు. హమ్మయ్య, మనిషిలో పడ్డాడు అనుకున్నా. పాపం, పోట్లాడ్డానికి మాత్రం ఇంకెవరున్నారు? అందుకే వెతకనిస్తున్నా. అప్పుడప్పుడూ బల్బు కూడా నేనే వదులు చేసి ఉంచుతా, ఏదో ఒకటి దొరక్కపోతే చిన్నబోతాడని."

ఈ గుట్టు ఆయనకి గాని, ఆయన గుట్టు ఈవిడకి గాని చెప్పకూడదని కోడలు అక్కడే ఒట్టు పెట్టుకుంది. ఇంటికొచ్చేసరికి టీసీ గారు గుమ్మంలోనే ఉన్నారు.

"ఎలా ఉంది? ఏమన్నా తిందా?"

"అదేమో గాని మామయ్యా, ఆవిడ తీరు నాకూ అనుమానంగానే ఉంది. నేను లోపలికెళ్లగానే టక్కున టీవీ కట్టేశారు."

"కట్టేసిందా!" అన్నారు టీసీ గారు, అప్పటికే చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుంటూ. వెనక వార్తలావిడ ఎంత స్పష్టంగా మాట్లాడుతున్నా అటు తిరిగి చూడలేదు. గబగబా మెట్లు దిగి వెళ్లారు.

ఆయన చెయ్యెత్తి కొట్టకముందే పక్కింటి తలుపు తెరుచుకుంది.