అమాస నాడు ఆరబెట్టిన బానెట్

మా ఎదురింటి చాచా పోయాడన్న వార్త నాకు బడిలో ఉండగా తెలిసింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. సిద్దిపేట నుంచి బస్సులో వచ్చిన మా వాడ మనిషి ఒకాయన కిటికీ దగ్గర నిలబడి, "బిడ్డా, చాచా పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట గట్లనే ఒరిగిండు. నిన్ను తోల్కరమ్మని మీ నాయిన పంపిండు" అన్నాడు.

ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. "బానెట్ అయిందా?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "యాడైంది తల్లీ. మంచం మీదనే ఉన్నది."

ఆ బానెట్ గురించి చెప్పకుండా చాచా గురించి చెప్పడం నాకు చేతకాదు.

మాది సాలోళ్ల వాడ. ఇంటింటికీ మగ్గం. మగ్గం లేని ఇల్లు చాచాది ఒక్కటే. ఆయనకు నల్ల అంబాసిడర్ కారు ఉండేది. దుబ్బాకకూ కొండపాకకూ కిరాయిలు తోలేవాడు. ఒకసారి దారిలో బర్రె అడ్డం వచ్చి, ఇంజను మీది మూత, అదే బానెట్, నుజ్జయింది. పాత సామాను దుకాణం నుంచి ఇంకో కారు బానెట్ తెచ్చి బిగించాడు. అది పసుపుపచ్చది.

"ఏం భాయ్, నీ కారు మొఖానికి పసుపు రాసుకున్నది, పేరంటానికి పోతున్నదా?" అని మా అవ్వ ఆటపట్టించేది.

"ఔ వదినె, కుంకుమ నువ్వే పెట్టు" అనేవాడు. అప్పట్లో ఆయనకు ఆ రంగు గురించి పట్టింపు లేదు.

పట్టింపు నా వల్ల వచ్చింది. మా ఇంట్లో నాకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. పదో తరగతి పరీక్షలకు నన్ను చాచా తన కారులో తీసుకుపోయాడు. గేటు దగ్గర పిల్లలు "పసుపు మొఖం కారొచ్చిందిరో!" అని అరిచారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుంటూ, "బేటీ, నువ్వు టీచరమ్మవై కొలువుకు పోయేనాడు నా కార్లనే పోవాలె. గప్పటికి గీ బానెట్ నల్లగ నిగనిగలాడాలె. అందాక నువ్వు నా కారెక్కకు" అన్నాడు.

"పసుపైతే ఏంది చాచా?" అన్నాను.

"నీకేం గాదు. నాకైతది."

రంగులేసే దుకాణాయన బానెట్ ఒక్కదానికే వేస్తే మిగతా నలుపుతో కలవదు, కారంతా గీకి వెయ్యాలన్నాడట. చాచాకు అది తిట్టులా తగిలింది. "బంగారమసొంటి కారును గీకుతడట!" అంటూ ఇంటికొచ్చి, తానే వేస్తానని బానెట్ ఊడదీశాడు. ఆయన అంతకుముందు కుంచె పట్టిన మనిషి కాదు. వాకిట్లో నులక మంచం మీద పరిచి, నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో రుద్దాడు. సొట్టల్లో లప్పం పెట్టాడు. నలుపుకు అడుగుపూతగా ఎర్ర ప్రైమర్ వేశాడు. ఆరాక దాని మీద నలుపు వేశాడు. బాగానే వేశాడు కూడా. సాయంత్రానికి చూస్తే, మగ్గాల నుంచి లేచిన దూది నూగంతా దాని మీద అంటుకుంది.

"భాయ్, నీ బానెట్‌కు గడ్డం మొలిసింది" అన్నాడు నాయిన.

చాచా అటూ ఇటూ చూసి, "మళ్ల గీకుడే" అన్నాడు.

ఆ మాట ఆయన దేనికైనా అనేవాడు. నాకు లెక్కల్లో మార్కులు తగ్గితే, చాచీ వండిన పప్పు మాడితే, కిరాయికి పోతున్నప్పుడు టైరు పగిలితే, "ఏం గాదు, మళ్ల గీకుడే." చిన్నప్పుడు ఆ మాట ధైర్యంగా ఉండేది. తర్వాత్తర్వాత అది వింటే నాకు ఒళ్లు మండేది.

మా వాడలో అమాస నాడు మగ్గం ఆడదు. మగ్గాలు ఆగితే నూగు లేవదు కదా అని, రంగు అమాస నాడే వెయ్యాలని చాచా, నాయిన కలిసి తీర్మానించారు. అవ్వ మాత్రం "అమాస పూట కొత్త పనా?" అని గొణిగింది. తెల్లవారగానే రంగు వేసి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు చాచా. ఎండ ఎక్కేసరికి వాడలో ఆడవాళ్ళంతా చీపుర్లు పట్టారు. మగ్గాలు ఆగే రోజు అదొక్కటే కాబట్టి, దూలాలూ గోడలూ దులిపేది ఆ రోజే. నెలనాళ్ళ నూగు ఒక్కసారి గాలిలోకి లేచింది.

నాయిన నెత్తి కొట్టుకున్నాడు. "అరె, అమాస నాడే గద మనం దులిపేది!"

చాచా లేచి వీధిలోకి పోయి, "అక్కా, గీ ఒక్కనాడు ఆగుండ్రి" అని బతిమాలాడు.

"నీ బానెట్ కోసం మేం నూగుల పండాల్నా భాయ్?" అంది ఒకామె, చీపురు ఆపకుండానే.

అక్కడితో బుద్ధి రావాలి కదా? రాలేదు. చీకటితోనే వేస్తే దులిపే వేళకు ఆరుతుందని మరో అమాసకు వేశాడు. ఆరలేదు. పైన చీర పందిరిలా కట్టాడు. అది జారి రంగుకు అతుక్కుంది. ఒకసారి అంతా బాగా కుదిరితే, ఆరిందో లేదోనని తానే చిటికెన వేలితో ముట్టి చూశాడు. గుర్తు పడింది. మళ్ళీ గీకాడు. నడుమ కిరాయిలుంటే, ఎట్లున్న బానెట్‌ను అట్లే బిగించుకుని పోయేవాడు.

"ఊరి బయట ఎక్కడన్న ఆరబెట్టు చాచా" అని నేను మొత్తుకున్నాను.

"ఎవడన్న వేలు పెడ్తడు బేటీ."

"నువ్వే పెడ్తున్నవ్ గదా!"

పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా కోపం.

నేను టీచర్ ట్రైనింగ్ ముగించాను. హుస్నాబాద్ దగ్గరి ఊళ్లో కొలువు వచ్చింది. చేరాల్సిన రోజు దగ్గరపడింది. బానెట్ ఎర్రగానే ఉంది. "ఎర్రగున్నా పోదాం చాచా, నాకు నీ కార్ల పోవాలని ఉన్నది" అని బతిమాలాను. వినలేదు. బస్టాండుకు నడిచి వచ్చి, నా రేకు పెట్టె తానే బస్సు మీదికి ఎక్కించాడు. దిగాక చూస్తే పెట్టె మీద నల్లటి వేలి ముద్రలు. పొద్దున కూడా రంగుతో కుస్తీ పట్టి వచ్చాడన్నమాట. "సెలవులకు నేనే కార్ల వచ్చి తీస్కపోత. వచ్చే అమాసకు అయిపోతది" అని బస్సు కదిలేముందే చెప్పాడు.

ప్రతి సెలవుకూ బస్సులోనే వచ్చాను. ప్రతిసారీ వచ్చే అమాసే. ఎవరైనా ఒక మనిషిని గౌరవిస్తే ఇంత విసిగించాలా? నన్ను కారెక్కించడం కోసమే నన్ను కారెక్కనివ్వని మనిషితో ఎట్లా వాదించాలో నాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

ఆ రోజు వాడ మలుపు తిరిగాక ఏదో తేడాగా అనిపించింది. మగ్గాల చప్పుడు లేదు. అమాస కాదు. చాచా కోసం అందరూ మగ్గాలు ఆపారు. చావు ఇంటి ఎదుట చీపురు ఎవరు పడతారు? దులపడమూ లేదు.

మగవాళ్ళు ఆయనను ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయారు. నాయిన కూడా భుజం పట్టాడు. నేను చాచీ పక్కన గడప మీద కూర్చున్నాను. వాకిట్లో నులక మంచం మీద బానెట్ ఉంది. నున్నగా రుద్ది, మళ్ళీ ఎర్ర ప్రైమర్ వేసి ఆరబెట్టింది. మంచం కింద నలుపు డబ్బా, మూత తీయకుండా.

"ఎల్లుండి అమాస గద బిడ్డా" అంది చాచీ.

గాలి లేదు. ఎండ మంచిగా కాస్తోంది. చాలాసేపు చూశాను. ఆ ఎర్రటి బానెట్ మీద ఒక్క దూది నూగు కూడా వాలలేదు.