తొమ్మిదో చెట్టు

రామచంద్రపురం చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో ట్రంపెట్ ఊదేవాళ్లలో సగం మంది జగన్నాథరావు మాస్టారి శిష్యులే. పాట మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారో తెలియనివ్వరు. మిగతా బ్యాండులవాళ్లు వాళ్లని దాన్నిబట్టే పోల్చుకుంటారు. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక మాస్టారు వాయించడం మానేశారు గానీ నేర్పడం మానలేదు.

పాఠం కాలవగట్టు మీద. శిష్యుడు గట్టు మొదట్లో నిలబడి ఒకే స్వరం పట్టాలి. మాస్టారు కొబ్బరిచెట్ల వరస వెంబడి నడుస్తారు. స్వరం వణికిన చోట ఆగిపోతారు. అదే ఆ శిష్యుడి చెట్టు. నడిచినవాళ్ల మాటకి తిరుగులేదు.

వెంకటరమణది తొమ్మిదో చెట్టు. పద్దెనిమిదేళ్ల పాటు దాన్నెవరూ దాటలేదు. అందుకే మాస్టారి బ్యాండులో ముందు నిలబడేది అతనే. ఊరేగింపు కదిలే ముందు డ్రమ్ములన్నీ ఆగి, అతని ట్రంపెట్ ఒక్కటే పొడుగ్గా మోగుతుంది. అరుగుల మీద కబుర్లాడుతున్నవాళ్లు కూడా తల తిప్పి చూస్తారు. పగలంతా కడియం నర్సరీలో లారీలకి మొక్కలెక్కించి, సాయంత్రం బండేసుకుని అంతదూరం వచ్చేది ఆ చూపుల కోసమే.

కిందటేడు మెర్సీ వచ్చింది. చర్చిలో వాయించే పిల్ల. ఈ వేసవికి పదకొండో చెట్టు చేరింది. రావులపాలెం పెళ్లిలో ముందు ఎవరుండాలో ఆదివారం చెబుతానన్నారు మాస్టారు. అందులో ఆలోచించడానికి ఏముందని వెంకటరమణకి ఒళ్లు మండింది.

ఆదివారం పొద్దున అనేశాడు.

"మాస్టారండీ, ఆ అమ్మాయికి మీరు గబగబా నడుస్తున్నారండి."

"నేనా? మోకాలు అరిగి మూడేళ్లయిందిరా. నీకు నడిచినప్పుడే నేను గబగబా నడిచింది."

మెర్సీ ట్రంపెట్‌లో చేరిన ఊపిరి తడిని వంపేసింది. "పోనీ మీరే నడవండి అన్నయ్యగారూ."

మెర్సీ స్వరం పట్టింది, వెంకటరమణ నడిచాడు. మడమకి కాలివేలు ఆనించి, అడుగులో అడుగేస్తూ.

"ఏరా, పెళ్లికూతుర్ని పీటల మీదికి తీసుకొస్తున్నావా?" వెనక నుంచి మాస్టారు అరిచారు.

ఏడో చెట్టు దగ్గర చెప్పులో రాయి పడినట్టు వంగాడు. నెమ్మదిగా తీశాడు. స్వరం అలాగే ఉంది, కాలవ నీళ్ల మీద గీత గీసినట్టు. తొమ్మిదో చెట్టు దగ్గర అతని కాళ్లు వాటంతటవే ఆగాయి.

"ఎందుకాగావు? ఆ పిల్ల ఊదుతోందిగా!"

వెంకటరమణ వెనక్కి తిరగలేదు.

"వణికిందండి," అన్నాడు.

స్వరం ఆగిపోయింది. మెర్సీ మాస్టారి వైపు చూసింది. ఆయన కాసేపు కండువాతో మెడ తుడుచుకున్నారు.

"వణికిందా?"

"ఆయ్."

"నడిచినవాడివి నువ్వు. రావులపాలెంలో నువ్వే ముందు నిలబడు."

వెంకటరమణ ఈసారి పెద్ద పెద్ద అంగలేశాడు. వెనక్కి వచ్చేసరికి మాస్టారు మెర్సీతో మాట్లాడుతున్నారు.

"వచ్చే వారం నుంచి కొత్తవాళ్లకి నువ్వు నడవాలమ్మా. నా మోకాలు ఇక లాభం లేదు."

"నేనా సార్?"

వెంకటరమణ మధ్యలోకి వచ్చాడు. "ఆవిడెందుకండి? పద్దెనిమిదేళ్ల నుంచి నేనున్నానుగా! మీ తర్వాత నేర్పాల్సింది నేను కాదేంటండి?"

మాస్టారు చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ అన్నారు.

"నువ్వు ముందు నిలబడతావుగా."